కాలు తగిలితే

షెరిల్ బూటు తొక్కినందుకు నేను పరీక్ష తప్పాను. నిజం చెప్పాలంటే తొక్కినందుకు కాదు, తొక్కిన తరవాత చేసిన పనికి.

అది హెర్న్‌డన్‌లో మసాజ్ స్కూలు. పాఠాలైపోయాయి, కంప్యూటర్ మీద రాసే పరీక్ష గట్టెక్కింది. చేతిపని పరీక్ష ఒక్కటే మిగిలింది. అది పాసైతే స్కూలు సర్టిఫికెట్ ఇస్తుంది. సర్టిఫికెట్ ఉంటేనే వర్జీనియా రాష్ట్రం లైసెన్సుకి అప్లై చెయ్యగలం. లైసెన్సు లేకుండా ఈ రాష్ట్రంలో డబ్బు పుచ్చుకుని ఎవరి ఒళ్ళూ పట్టకూడదు.

బల్ల మీద నా తోటి విద్యార్థిని బోర్లా పడుకుని ఉంది. దుప్పటి నడుం దాకా మడిచి వీపు మీద నూనె వేశాను. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టి నిలబడాలని మాకు నేర్పారు. బరువు భుజాల్లోంచి కాదు, మడమల్లోంచి రావాలి. వెనక కాలు ఇంకాస్త జరిపాను. మడమ కింద ఏదో మెత్తగా తగిలింది. మాకు పాఠాలు చెప్పే షెరిల్ నా వెనకే నిలబడి మార్కులు వేస్తోంది. తొక్కింది ఆమె బూటు.

తిరిగాను, వంగాను, బూటు ముట్టుకున్నాను, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాను, మళ్ళీ ఆ పిల్ల వీపు మీద చేతులు వేశాను. ఇదంతా చేశానని నాకే తెలీదు. కాలు తగిలితే చెయ్యి దానంతటదే వెళుతుంది. అరవై ఏళ్ళు దాటిన చెయ్యి, నన్ను అడిగి వెళ్ళదు.

"ఆగు విమలా," అంది షెరిల్ ఇంగ్లీషులో. "ఇప్పుడేం చేశావు?"

"సారీ చెప్పాను."

"బూటుకా?"

"మీకే."

ఆమె నవ్వలేదు. "వీధిలో తిరిగొచ్చిన బూటు, నీ కళ్ళు, ఈ అమ్మాయి ఒళ్ళు. మూడూ ఒకే చెయ్యి," అంది. ఆ మాటల్లో కోపం కూడా లేదు. నూనె చేత్తో ముఖం ముట్టుకోకూడదనీ, నేల మీది వస్తువు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోకుండా మనిషిని తాకకూడదనీ మొదటి వారమే చెప్పారు. నాకు వచ్చు. రాసిన పరీక్షలో సరిగ్గానే రాశాను.

మూడు వారాల తరవాత మళ్ళీ రమ్మంది.

కారులో కూర్చున్నాక మా అమ్మాయి జెమీమా నా ముఖం చూసి బండి తీసింది. ఇంటి సందులోకి తిరిగాక, "వదిలెయ్ అమ్మా, ఎవరు చెయ్యమన్నారు ఈ వయసులో," అంది. నేను రాగిణికి ఫోన్ చేశాను.

రాగిణి గురించి చెప్పాలి. కరీంనగర్ పిల్ల, జెమీమా కంటే చిన్నది. నీరజ్‌ని పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చింది. ఇక్కడే చదివి లైసెన్సు తెచ్చుకుని, కడుపుతో ఉన్నవాళ్ళకీ బాలింతలకీ మసాజ్ చేస్తుంది. మన తెలుగువాళ్ళలో ఆమె పేరు ఎరగని బాలింత లేదు. నీరజ్‌ది కార్ల కంపెనీ ఉద్యోగం. అతన్ని మిషిగన్‌లో ట్రాయ్‌కి మార్చారు. వర్జీనియా లైసెన్సు మిషిగన్‌లో చెల్లదు. రాగిణి అక్కడ మొదటినుంచీ అప్లై చేసుకోవాలి. ఇక్కడి వాళ్ళందరినీ ఎవరికో ఒకరికి అప్పజెప్పి వెళ్ళాలి. ఆ ఒకరు నేనని ఆమె ముందే తేల్చేసింది. ఆమె వెళ్ళేలోగా నేను పరీక్ష పాసవ్వాలి, లేకపోతే వాళ్ళంతా తలా ఒక దిక్కుకి పోతారు.

"ఏమైంది ఆంటీ? గొంతు గట్ల ఉందేంది?"

"తప్పాను."

"దేంట్ల?"

చెప్పాను. అవతల నవ్వు ఆపుకోలేక దగ్గు.

"నవ్వమ్మా, నవ్వు."

"నవ్వుతలేను ఆంటీ. నాకు సుత అయ్యింది గిదే. నాది పరీక్షల కాలేదు, అదృష్టం, గంతే. శనివారం రాండ్రి. చూద్దాం."

ఈ పని నాకు ఎలా అలవాటైందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గుడివాడ దగ్గర మా ఊళ్ళో పురుళ్ళ ఇళ్ళకి మా అమ్మ వెళ్ళేది, వెనకాల నేను వెళ్ళేదాన్ని. బడి ఐదో తరగతితో ఆగింది. చదవడం బైబిలు పట్టుకుని నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఇక్కడికొచ్చాక, మనవడి బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, మందు సీసాల మీది కాగితాల దాకా. ఇక్కడ చర్చిలో ఒకరికి పురుడొస్తే ఒకరు పిలిచేవారు. నెలన్నర రోజులు వెళ్ళేదాన్ని. తల్లికి నూనె రాసి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసి, పొగ వేసి వచ్చేదాన్ని. నెలన్నర అయ్యాక ఆ ఇంటి గుమ్మం దాటుతుంటే నా కాళ్ళు బరువెక్కేవి. ఆ పిల్లలెవరికీ నేను గుర్తుండను. ఆదివారం చర్చిలో నా ముందునుంచే పరుగెత్తుకుంటూ పోతారు.

ఒకరోజు మా చర్చిలో నర్సుగా పని చేసే ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, లైసెన్సు లేకుండా ఇలా చెయ్యకూడదని చెప్పింది. మంచిగానే చెప్పింది. ఆపేశాను. ఆపాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జెమీమా ఆఫీసుకి పోయాక ఖాళీ ఇంట్లో దిండ్లకి నూనె లేకుండా మాలిష్ చేస్తూ కూర్చునేదాన్ని. అప్పుడు స్కూల్లో చేరాను.

ఒక పాత తెల్ల దుప్పటి మీద మనిషి బొమ్మ గీసి, కండరాల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ట్రెపీజియస్, గ్లూటియస్, సోలియస్. దాన్ని మంచం మీద పరిచి వాటి మీదే నిద్రపోయేదాన్ని. అల్లుడు కెన్నీ ఒకసారి చూసి, "అత్తయ్యా, ఇందులో నా నడుం నొప్పి ఎక్కడుందో చూపించండి," అన్నాడు. చూపించాను. స్కూల్లో నాకు భయం కూడా నేర్పారు. బాలింత పిక్క ఒకటే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే దాన్ని తాకకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మా వైపు అలాంటి పిక్కనే ఇంకాస్త గట్టిగా పట్టేవాళ్ళు. అది విన్న రోజు నాకు అన్నం దిగలేదు. లైసెన్సు లేకుండా ఎవరినీ ముట్టుకోకూడదని ఆ నర్సు ఎందుకు చెప్పిందో ఆ రోజు తెలిసింది.

రాగిణి నన్ను శనివారం షాంటిలీ తీసుకెళ్ళింది. అక్కడ లైబ్రరీ వెనక గదిలో నెలకోసారి మసాజ్ చేసేవాళ్ళు కలుస్తారు. కొరియా ముసలాయన ఒకరు, ఇథియోపియా ఆవిడ ఒకరు, మిలిటరీలో పని చేసి వచ్చిన పొడుగు మనిషి ఒకడు, ఇంకా కొందరు. బల్లలు తెచ్చుకుని ఒకరికొకరు చేసుకుంటారు. ఎవరి దగ్గరికి ఎవరిని పంపాలో మాట్లాడుకుంటారు. మెడ నొప్పులైతే కొరియా ఆయనకి, ఆటలాడి దెబ్బలు తగిలించుకున్నవాళ్ళైతే మిలిటరీ ఆయనకి.

"షి ఈజ్ టేకింగ్ మై మదర్స్," అంది రాగిణి నన్ను చూపించి, తన బాలింతలంతా ఇక నా వాళ్ళేనని.

ఇథియోపియా ఆవిడ నా చేతులు తిప్పి చూసింది. "మంచి చేతులు," అంది. "రాష్ట్రం వెబ్‌సైట్‌లో, లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితాలో నీ పేరు ఎప్పుడు కనబడుతుంది?"

"ఇంకా పరీక్ష ఉంది."

"సరే. పేరు కనబడిన రోజు నుంచీ పంపుతాం. అంతకుముందు ఒక్కరిని కూడా పంపం." ఆ మాట అందరూ తలలూపి ఒప్పుకున్నారు. నాకు కష్టమనిపించలేదు. ఒకరి పేరు ఇంకొకరు కాపాడుకుంటున్నారు, అంతే.

అక్కడినుంచి రాగిణి ఇంటికి వెళ్ళాం. హాలంతా అట్టపెట్టెలు. మధ్యలో మసాజ్ బల్ల. దాని మీద జెమీమాని పడుకోబెట్టాం. ఆమె వద్దువద్దంటూనే వచ్చింది.

"ప్లాన్ చెప్తా ఆంటీ," అంది రాగిణి. "మీరు జెమీమా వదినకి వీపు చెయ్యాలె. నేను షెరిల్ లెక్క ఎనక నిలబడ్త. మధ్య మధ్యల మీ కాలుని తంత. చేతులు కదలొద్దు."

"తన్నమ్మా."

మొదలుపెట్టాను. ఒక్కో నిమిషం గడుస్తోంది, ఏమీ తగలడం లేదు.

"తన్నవేంటే?"

"మిమ్మల్ని తన్నాల్నంటే కాలు లేస్తలేదు ఆంటీ."

"పెద్దదాన్ని చెప్తున్నాను కదా, తన్ను."

బొటనవేలితో నా మడమ మీద తట్టింది. నేను తిరిగి వంగాను. చూస్తే ఆమే నాకంటే ముందు వంగి నా కాలు ముట్టుకుంటోంది. ఇద్దరి తలలూ ఠక్కున కొట్టుకున్నాయి.

"అక్కడ మసాజ్ అవుతోందా, కబడ్డీ ఆడుతున్నారా?" అంది జెమీమా బల్ల కన్నంలో ముఖం పెట్టుకునే.

"ఇట్లైతే కాదు," అంది రాగిణి నుదురు రుద్దుకుంటూ. "ఆంటీ, ఒక పని చేద్దాం. తన్నిన ప్రతిసారీ మొక్కుడు వద్దు. అన్నీ కలిపి లాస్ట్‌కి ఒక్కటేసారి. నేను మీకు, మీరు నాకు."

"అప్పు పెట్టుకోమంటావా?"

"గంతే అనుకోండ్రి."

అది నచ్చింది నాకు. మానెయ్యమంటే నా చెయ్యి వినదు. మా ఆయన సామ్యూల్ గారు పోయినప్పుడు ఆయన పాదాలు పడుతున్నాను. అరిపాదం నా అరచేతిలో ఉండగానే ఆయన వెళ్ళిపోయారు. మనిషి ఎక్కడున్నాడో నా చేతికి ముందు తెలుస్తుంది, నాకు తరవాత తెలుస్తుంది. అలాంటి చేతిని ఉన్నట్టుండి మానుకోమంటే ఎలా మానుకుంటుంది? తరవాత చేద్దువుగాని అంటే మాత్రం ఏమో, వింటుందేమో.

తన్నింది. చెయ్యి సగం లేచింది. మళ్ళీ తన్నింది. లేచింది, కానీ వీపు దాటలేదు. జెమీమా నిద్రపోయింది. రాగిణి సాక్సులు వేసుకుని వచ్చి మరీ తన్నింది, నొప్పి పుట్టకుండా. చీకటి పడేసరికి నా చేతి వేళ్ళు మాత్రమే అదురుతున్నాయి, మణికట్టు కదలడం లేదు.

రోజూ వెళ్ళాను. రోజురోజుకీ హాల్లో పెట్టెలు పెరుగుతున్నాయి, సామాను తగ్గుతోంది. ఒకరోజు సోఫా లేదు. ఇంకోరోజు గోడ మీద ఫోటోలు లేవు. నేను అటు చూడకుండా బల్ల వైపే చూసేదాన్ని.

ఆ మధ్యలోనే స్పందన వచ్చింది. రాగిణి దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆమె ఒకతి. ఇక్కడే పుట్టిపెరిగిన పిల్ల, నెలలు నిండుతున్నాయి. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఆంటీ, నాకు నువ్వే కావాలి," అంది నాతో. అందరినీ నువ్వనే అంటుంది. "మా మమ్మీ డాక్టర్, కానీ ఆమెకి ఆయిల్ మసాజ్ రాదు. వీడియోస్ చూస్తోంది. ఐ యామ్ స్కేర్డ్."

రాగిణి నవ్వింది. నేను, "నాకింకా లైసెన్సు రాలేదమ్మా," అన్నాను.

"సో? ఎవరికి తెలుస్తుంది? నేను చెప్పను కదా."

"నాకు తెలుస్తుంది."

"రాగిణి అక్క వెళ్ళిపోతే నేను ఇంకొకళ్ళని బుక్ చేయాలి ఆంటీ. ఐ కాంట్ వెయిట్. బేబీ వెయిట్ చేయదు."

"ఎవరినైనా మంచివాళ్ళని బుక్ చేసుకో. లైసెన్సు ఉందో లేదో చూసుకుని మరీ చేసుకో. నాకు వచ్చాక, నీకు కావాలనిపిస్తే పిలువు."

ఆమె ముఖం చిన్నబోయింది. వెళ్ళిపోయాక రాగిణి వెనక నిలబడి గట్టిగా ఒక తన్ను తన్నింది. నా చెయ్యి కదల్లేదు.

రెండోసారి పరీక్ష గురువారం. శనివారం రాగిణి వాళ్ళ ప్రయాణం. పొద్దున్నే ప్రార్థన చేసుకుని వెళ్ళాను. బల్ల మీద ఈసారి వేరే అమ్మాయి. చేతులు కడుక్కున్నాను, దుప్పటి సరిచేశాను, ఒత్తిడి ఎలా ఉందని అడిగాను. ఆ అమ్మాయి, "కొంచెం తక్కువ," అంది. తగ్గించాను. పాదాలు సర్దుకున్నాను.

షెరిల్ అదే చోట నిలబడింది. కావాలనే నిలబడిందేమో, ఇప్పటికీ అడగలేదు. వెన్ను పైనుంచి కిందికి వస్తూ వెనక కాలు జరిపాను. అదే మెత్తదనం, అదే బూటు.

చేతి వేళ్ళు అదిరాయి. మణికట్టు దాకా ఏదో లాగినట్టయింది. తరవాత చేద్దువుగాని అని చేతికి చెప్పాను. అరచేతులు ఆ పిల్ల నడుం మీద అలాగే ఉండిపోయాయి. నేను తల మాత్రం తిప్పి, "ఎక్స్‌క్యూజ్ మి షెరిల్," అన్నాను. షెరిల్ ఒకడుగు వెనక్కి జరిగింది. నేను మళ్ళీ పైకి పోయాను.

అన్నీ అయ్యాయి. దుప్పటి కప్పాను, అమ్మాయి లేచి పక్క గదిలోకి వెళ్ళింది. బల్ల తుడిచాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. షెరిల్ కాగితం మీద సంతకం పెట్టి, "పాస్," అంది.

అప్పుడు వెళ్ళి వంగి ఆమె బూటు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అప్పటికి ఆ చేతులతో ఎవరినీ తాకే పని లేదు.

షెరిల్ కాగితం పక్కన పెట్టింది. "రెండుసార్లకీ కలిపా?" అంది.

"కలిపి."

"మళ్ళీ కడుక్కో," అంది. ఈసారి నవ్వింది.

శనివారం రాగిణి వాళ్ళ ఇంటి ముందు లారీ ఆగింది. నేను ఎవరినీ సాగనంపడానికి గుమ్మం దాటను. దాటితే ఏదో జరుగుతుందని భయం. ఇంట్లోంచే చెయ్యి ఊపి తలుపు వేసుకుంటాను. ఆ రోజు జెమీమాని బతిమాలి కారు తీయించాను. వాళ్ళ వాకిట్లో దాకా వెళ్ళాను, అక్కడినుంచి రోడ్డు దాకా.

"మీ అప్పు తీర్చాలె ఆంటీ," అంది రాగిణి. రోడ్డు పక్కనే వంగి నా రెండు కాళ్ళూ పట్టుకుంది. నీరజ్ కారు తాళాలు పట్టుకుని ఏమీ అర్థం కాక చూస్తున్నాడు.

"ఏందే, ఏం చేస్తున్నవ్?"

"ఆంటీని చానా తన్నిన. లెక్క తీరుస్తున్న."

"ఆంటీని తన్నినవా?"

"తన్నమన్నది నేనే బాబూ," అన్నాను. లేపి గుండెలకి హత్తుకున్నాను. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేస్తే అక్కడొక కండ ముడిపడి ఉంది. సామాను మోసి మోసి. అక్కడే నిలబడి రెండు బొటనవేళ్ళతో దాన్ని విప్పాను. అది నాకు తెలిసిన వీడ్కోలు. కారు మలుపు తిరిగేదాకా నేను రోడ్డు మీదే ఉన్నాను. ఏమీ జరగలేదు.

తరవాత లైసెన్సు కోసం వేలిముద్రలు, కాగితాలు, ఎదురుచూపు. స్పందనకి కొడుకు పుట్టాడని తెలిసింది. ఆమె ఇంకెవరినో బుక్ చేసుకుందని కూడా తెలిసింది. నేను బాధపడలేదని చెప్పను.

ఒకరోజు పొద్దున టీ పెట్టుకుంటుంటే రాగిణి ఫోన్ చేసింది.

"ఆంటీ, మీ పేరొచ్చింది."

"ఎక్కడ?"

"రాష్ట్రం వెబ్‌సైట్‌ల. రోజు పొద్దుగాల లేవంగనే కొట్టి చూస్తున్న. మీ ఇంటి పేరుతో సహా ఉన్నది. షాంటిలీ వాళ్ళకి అప్పుడే మెసేజ్ పెట్టిన."

టీ పొంగింది. పొయ్యి ఆపి కూర్చున్నాను. "మరి నీది?" అన్నాను.

"నాదింకా రాలే. వచ్చినా ఏం లాభం? ట్రాయ్‌ల నన్నెరిగినోళ్ళు ఎవ్వరు లేరు ఆంటీ. అక్కడ మీ అందరిని ఇడిచిపెట్టి వచ్చిన."

"రాగిణీ, విను. అక్కడ మన తెలుగు చర్చి ఉంది. జెమీమా ఫ్రెండు దేదీప్య అందులోనే ఉంటుంది, ఆసుపత్రిలో కాన్పుల వార్డులో పని చేస్తుంది. నేను మొన్నే మాట్లాడాను. ఆదివారం నీకు ఫోన్ చేస్తుంది. మసాజ్ వాళ్ళు నెలకోసారి కలిసే చోటు అక్కడా ఉందట, నిన్ను తీసుకెళ్తుంది. నీ లైసెన్సు వచ్చిన రోజు నుంచీ పంపుతుంది. అంతకుముందు పంపదు, అది కూడా చెప్పాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "మొన్ననే మాట్లాడిన్రా?"

"నీ బదులు ఇక్కడ నేనున్నాను. నా బదులు అక్కడ ఎవరో ఒకరు ఉండొద్దూ."

ఆ సాయంత్రమే స్పందన ఫోన్ చేసింది. బుక్ చేసుకున్నావిడ రెండుసార్లు వచ్చి మానేసిందట. "ఆంటీ, ఇప్పుడు నువ్వు లీగల్ కదా? రాగిణి అక్క చెప్పింది."

మర్నాడు వెళ్ళాను. వాళ్ళ అమ్మ, డాక్టరమ్మ, పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసి, నేనేం చేస్తానో చూడ్డానికి నా పక్కనే కుర్చీ వేసుకుంది. ముందు స్పందన రెండు పిక్కలూ చూశాను. రంగు చూశాను, చేతి వెనకవైపుతో వేడి చూశాను. డాక్టరమ్మ ఆ చూడ్డం గమనించి తల ఊపింది. స్పందనని పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, నూనె వేసి నడుం మీద చేతులు వేశాను.

"ఎలా ఉందమ్మా?"

"ఓకే ఆంటీ."

"ఓకే అంటే ఎక్కువా, తక్కువా?"

"కొంచెం తగ్గించు."

తగ్గించాను. ఇంకాస్త దగ్గరగా చూద్దామని డాక్టరమ్మ కుర్చీ జరుపుకుంది. ఆమె కాలు నా కాలికి గట్టిగా తగిలింది. "అయ్యో, సారీ అండీ," అంటూ ఆవిడ అప్పటికే వంగుతోంది, నా పాదం వైపు చెయ్యి చాపుతూ.

"తరవాతమ్మా," అన్నాను. "అన్నీ కలిపి చివర్లో."

ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. నా చేతులు స్పందన నడుం మీద పని చేసుకుంటూనే ఉన్నాయి.